బొంతలో బెత్తెడు జాగ

పదకొండేళ్లుగా ఒక మోసాన్ని లోపల పెట్టుకుని తిరుగుతున్నాను. తిన్నా, పడుకున్నా, నలుగురిలో నవ్వినా అది లోపలే ఉంది. నేను ఒకామెను మోసం చేశాను. చేసి ఊరుకోలేదు. ఆమే నన్ను మోసం చేసిందని అందరికీ చెప్పుకున్నాను. విన్నవాళ్లు నా మీద జాలిపడ్డారు. ఆ జాలిని కూడా తీసుకున్నాను.

నాకు చదువు రాదు. సంతకం చేస్తాను, బస్సు మీద ఊరి పేరు కూడబలుక్కుంటాను, అంతే. నేను చెబుతుంటే మా వాడకట్టు టీచరమ్మ రాస్తోంది. నా మాటను పుస్తకం మాటగా రాస్తానంది, సరేనన్నాను. నేను చెప్పనిది మాత్రం ఒక్క ముక్క కూడా కలపొద్దన్నాను. ఎందుకంటే ఇంతకుముందు ఒకసారి ఇలాగే నేను చెబితే ఒకరు రాశారు. ఆ రాతలో అబద్ధం ఉంది. అది ఇప్పటికీ ఒక గోడకు వేలాడుతోంది.

మాది చొప్పదండి. నేత పని ఇల్లు. మా ఆయన సాంచెల మీద, అంటే కరెంటు మగ్గాల మీద బట్ట నేసేవాడు. నేను కండెలకు నూలు చుట్టేదాన్ని. ఆయన పోయేనాటికి నాకు ముప్పై మూడేళ్లు. పిల్లల్లేరు. మా బావ ఇంట్లో వెనక అర్ర, అంటే వెనక గది, నాకిచ్చారు. సాంచెలు ఆడినంతసేపు కండెలు, అవి ఆగాక అంట్లు. నన్ను పేరు పెట్టి పిలిచేవాళ్లు ఎవరూ లేరు. చిన్నదాన్ని పిలువు అంటే నేను. చిన్నదానికి చెప్పు అంటే నేను.

అప్పుడు కరీంనగర్‌లో మగ్గం పని, సూది పని తెలిసిన ఆడవాళ్ల కోసం డిజైన్ బడి పెట్టారు. రెండేళ్ల చదువు. అక్షరాలు రాకున్నా తీసుకుంటారు. మొదటి ఏడాది పన్నెండు మంది. ఏడాది చివర అందులో ఆరుగురినే రెండో ఏడాదికి ఉంచుతారు, వాళ్లకు తర్వాత అక్కడే నేర్పే పని దొరుకుతుంది. మిగిలిన ఆరుగురు ఇంటికి పోవాలి. నాకు ఇల్లంటే ఆ వెనక అర్ర. ఇది సాకుగా చెప్పడం లేదు. సాకుగానే చెబుతున్నానేమో కూడా. మీరే చూసుకోండి.

మొదటి నెలంతా ఒక ఇత్తడి చెంబును ముందు పెట్టి గీయమన్నారు. రోజూ అదే చెంబు. పొద్దున వచ్చి కూర్చుంటే అదే చెంబు. నాకు మంటెత్తేది. ఇరవై రోజులు పోయాక ఒకనాడు, చెంబు మూతి నేను అనుకున్నట్టు గుండ్రంగా లేదని, నేను కూర్చున్న జాగ నుంచి చూస్తే కోలగా ఉందని కనిపించింది. ముప్పై ఏళ్లకు పైగా చెంబుతో నీళ్లు తాగినదాన్ని, చెంబును అప్పుడే చూశాను. తర్వాత రంగులు. మాకు ఎరుపంటే ఒక్కటే ఎరుపు. అక్కడ కుంకుమ వేరు, ఇటుక వేరు, ఎండిన మిరపకాయ వేరు. ఆ తర్వాత గడుల కాగితం. ఒక గడి అంటే ఒక పోగు. గడి నింపితే పోగు పైకి, వదిలితే కిందికి. అక్షరం రాని నాకు ఆ కాగితం చదవడం వచ్చేసింది. మాకు నేర్పే మేడం నన్ను పేరుకు గారు చేర్చి పిలిచేది. మొదటిసారి పిలిచినప్పుడు ఇంకెవరినో అనుకుని వెనక్కి తిరిగి చూశాను.

ఆ ఏడాది నేను పెరగలేదని ఎట్లా అంటాను? పెరిగాను. నాకు అర్థం కానిది అదే. చూపు వచ్చిన ఏడాదే, ఆ చూపుతోనే దొంగతనం చేశాను.

గదికి ఇద్దరం. నాతో ఉన్నామె ఇందూబాయి. జైనూర్ దాటాక గుట్టల్లో ఆమె ఊరు. నాకన్నా నాలుగేళ్లు చిన్నది, అక్కా అనేది. మాటలో మరాఠీ కలిసేది. మేము బొంత అనేదాన్ని ఆమె గోదడి అనేది. పాత చీరలు పొరలుగా పరిచి కుట్టడం ఆమె పని. సెలవులకు నేను ఎక్కడికీ పోనని కనిపెట్టి, ఊరి నుంచి వచ్చేటప్పుడు నాకోసం జొన్నరొట్టెలు, నువ్వుల పొడి మూట కట్టుకొచ్చేది. నేను చెంబు ముందు కూర్చుని బుర్ర గోక్కుంటుంటే, ఆ చెంబుకేమన్నా పెండ్లి సంబంధం చూస్తున్నవా అక్కా అని నవ్వేది. ఆయన పోయాక నాతో పరాచికమాడిన మొదటి మనిషి ఆమే.

ఆమె కప్పుకునే పాత బొంత ఒకటి ఉండేది. అందులో కుట్టు నేను ఎక్కడా చూడనిది. మూడు చిన్న కుట్లు, ఒక పొడుగు కుట్టు. కింది వరసలో మళ్లీ అదే, కాని ఒక్క కుట్టు పక్కకు జరిపి. అట్లా వరస వరసకూ జరుగుతూ పోతే, వానకు గుట్ట మీది నుంచి నీళ్లు జారినట్టు ఉండేది. ఎవరూ నేర్పలేదు, చెయ్యి ఎట్ల పోతే అట్ల కుట్టినానంది. అంచు దగ్గర ఒకచోట మాత్రం బెత్తెడు జాగలో కుట్టు లేదు. ఇవతల ఆగి, అవతల మళ్లీ మొదలు.

ఆ జాగ సంగతి నేను అడగకముందే చెప్పింది. ఆ బొంత కుడుతున్నప్పుడు ఆమె బిడ్డ సారికకు జ్వరం. అయిదేళ్ల పిల్ల. వాగు పొంగింది. ఆస్పత్రికి దాటించలేకపోయారు. గుచ్చిన సూది గుచ్చినట్టే బొంతలో ఉండిపోయింది. నెలల తర్వాత మళ్లీ చేతికి తీసుకుంటే, ఆగిన చోటి నుంచి కుట్టబుద్ధి కాలేదట. బెత్తెడు వదిలి అవతల మొదలుపెట్టింది. సారిక గౌను ఆ ఖాళీ కింద, పొరల నడుమ పెట్టింది. అప్పటి నుంచి ఎవరికి ఏ బొంత కుట్టినా బెత్తెడు వదులుతుంది. పని తప్పిందని వాళ్లంటే అననిస్తుంది.

ఇదంతా తెలిసి చేశాను. తెలియక చేసినట్టు రాయొద్దని టీచరమ్మకు చెప్పాను.

ఏడాది చివర ఒక ప్రదర్శన. తలా ఒక సొంత డిజైన్ చేసి చూపాలి, దాని పక్కన నిలబడి ఈ ఏడాదిలో తాము ఎట్లా మారారో చెప్పాలి. నాకు సొంతమన్నది రాలేదు. మాది నేత పని. సేటు ఒక గుడ్డ ముక్క ఇస్తాడు, దాన్ని పోగు పోగు లెక్కబెట్టి దింపుతాం. తేడా వస్తే తప్పు, రాకుంటే పనితనం. మా మామ, మా ఆయన, నేను, అందరం అట్లాగే బతికాం. సొంతంగా అంటే ఎక్కడి నుంచి దింపాలి? నెల రోజులు గడుల కాగితం తెల్లగానే ఉంది. తోటివాళ్ల కాగితాలు నిండుతున్నాయి. నాకు వెనక అర్ర కనిపిస్తోంది.

ఆ రోజుల్లోనే ఇందూబాయి అత్తకు బాగాలేదని కబురొచ్చింది. వారం రోజులకని ఊరికి పోయింది. పోతూ బొంత నాకప్పగించింది. వానలకు ముక్క వాసన కొడుతోంది, ఎండ కాసిననాడు జర డాబా మీద పరుచు అక్కా అంది.

ఆదివారం ఎండ కాసింది. మధ్యాహ్నం డాబా మీద పరిచాను. పక్కన కూర్చున్నాను. కుట్లు ఊరికే లెక్కపెట్టాను, చేతికి అలవాటు కొద్దీ. మూడు చిన్నవి, ఒకటి పొడుగు. జరుపు. మూడు చిన్నవి, ఒకటి పొడుగు. లెక్క కుదిరింది. కుదిరేసరికి లేచి, మెట్లు దిగి గదికి పోయి, గడుల కాగితం, పెన్సిల్ తీసుకుని మళ్లీ పైకి వచ్చాను. పదహారు మెట్లు. దిగేటప్పుడు తెలియదని ఎవరన్నా అంటే నమ్ముతాను. ఎక్కేటప్పుడు మాత్రం తెలుసు.

మొదట ఆ బెత్తెడు జాగను వదలలేదు. అంతా నింపి గీశాను. దొరికిపోతాననే భయం. మేడం చూసి, బాగుంది, చేయితిరిగిన పని అని పక్కకు పెట్టింది. ఆ పక్కకు పెట్టడంలోనే ఇది చాలదని నాకు అర్థమైంది. రెండు రోజులు పోయాక బొంతలో ఎట్లా ఉందో అట్లాగే, ఖాళీతో సహా గీసి తీసుకుపోయాను. మేడం చాలాసేపు చూసింది. సరిగ్గా ఆ ఖాళీ మీద వేలు పెట్టి, ఇదేమిటండీ అంది.

మా ఆయన పోయిన రోజు నా చెయ్యి ఆగిపోయిందని, ఆ ఆగిన జాగే ఇదని చెప్పాను.

మాట తడబడలేదు. ముందే నోట్లో ఉన్నట్టు వచ్చింది. మేడం కళ్లు తుడుచుకుంది. ఇదే మాట ప్రదర్శన రోజు చెప్పండి, రాయడం రాదని బెంగ వద్దు, నేను రాసి పెడతానంది. నేను చెప్పాను. ఆమె రాసింది.

ఇందూబాయి తిరిగి వచ్చింది. బొంత వాసన పోయిందని సంతోషపడింది. నేను మగ్గాల షెడ్డులో ఆ కుట్టునే అంచుగా పెట్టి దుప్పటి నేస్తున్నాను, ఆమె కుట్టు పని వాళ్ల దగ్గర కొత్తగా ఒక చిన్న బొంత కుడుతోంది. ఏం నేస్తున్నవు అక్కా అని రెండుసార్లు అడిగింది. అయినంక చూద్దువు అన్నాను.

ప్రదర్శన రోజు నాది మూడో వంతు. దుప్పటి పరిచారు. మేడం రాసింది చదివారు. బయటి నుంచి వచ్చిన పెద్దవాళ్లు ఆ ఖాళీని తడిమి చూశారు. నేను తల వంచుకుని నిలబడ్డాను. మొగుడు పోయిన ఆడది తల వంచుకుంటే ఎవరికీ అనుమానం రాదు. ఇందూబాయి వైపు చూడలేదు.

ఆమెది ఏడో వంతు. చిన్న బొంత విప్పింది. అదే కుట్టు. అదే జాగ. వచ్చిన పెద్దవాళ్లలో ఒకాయన, ఇది ఇందాక చూసిందే కదా అన్నాడు. ఎవరో నవ్వారు. మేడం ముఖం మాడింది. నా గడుల కాగితం నెల కిందటే చూసిందామె, నాదే మొదలని నిజంగానే నమ్మింది. నన్ను పిలిచి అడిగింది. అప్పటికైనా చెప్పొచ్చు. నోరు తెరిచాను కూడా.

ఒకే గదిలో ఉంటాం మేడం, నా కాగితం గోడకే ఉండేది, చూసి ఉంటుంది అన్నాను. పాపం కావాలని చేసి ఉండదని కూడా అన్నాను.

పాపం అన్నాను. ఆ మాట ఎక్కడి నుంచి వచ్చింది నాకు?

 పాత బొంత మా గదిలోనే ఉంది. ఏళ్ల తరబడి కప్పుకుని చివికిన బొంత. తెచ్చి పరిస్తే చిన్నపిల్లలకు కూడా తెలుస్తుంది ఏది ముందో. గది ఆ ఆవరణలోనే. పోయి రావడానికి కాసేపు. ఇందూబాయి తలుపు వైపు ఒకసారి చూసింది.  ఆమె కదల్లేదు. చిన్న బొంతను నాలుగు మడతలు పెట్టి చంకలో పెట్టుకుని పోయి తన జాగలో కూర్చుంది.

ఆరుగురిలో నా పేరు చదివారు. ఆమెది చదవలేదు.

సాయంత్రం గదికి పోయేసరికి ఆమె సంచి కడుతోంది. నేను గుమ్మంలోనే నిలబడ్డాను. ఆమె తలెత్తకుండా అడిగింది.

"మీ ఆయన సచ్చిననాడు నీ చెయ్యి ఆగిందా అక్కా?"

నేను చెప్పులు విడుస్తున్నట్టు వంగాను.

"అడుగుతున్న. ఆగిందా?"

"గట్లెందుకు అడుగుతున్నవ్ ఇందూ?"

"ఆగితే చెప్పు. నీది నీకున్నదనుకుంట. నా పోరి జాగ ఎందుకు తీసుకుంటివని అడగ."

"నన్ను ఇంటికి పంపిస్తరని భయమైంది" అన్నాను.

"నాకు భయం లేదా?" సంచి తాడు బిగించింది. "గోదడి తెద్దామనే అనుకున్న. తెస్తే నువ్వు దొంగవైతుంటివి. కాని అండ్ల మా సారిక గౌను ఉన్నది. గాళ్లంతా తిరగేసి మరగేసి చూస్తరు. ఏలు పెట్టి పొడుస్తరు. అందుకే తేలే. నీ మీద పావురంతోని, ప్రేమతోని తేలేదనుకోకు."

పాత బొంతను సంచిలో కుక్కలేదు. భుజాన వేసుకుంది, పిల్లను వేసుకున్నట్టు. గుమ్మం దగ్గర నేను పక్కకు జరిగాను. "ఎండకేసినవు గద, దానికి మాత్రం సుక్రియా" అంది. అది వెక్కిరింపో, నిజంగా అన్నదో, ఈ రోజు వరకూ తెలియలేదు. ఆసిఫాబాద్ బస్సుకు పోయింది. నేను బస్టాండు దాకా పోలేదు.

ఆమె అడిగినదానికి జవాబు ఇప్పుడు చెబుతున్నాను. ఆగలేదు ఇందూ. పదకొండో రోజు ఆయన దినాలు. పన్నెండో రోజు పొద్దున కండెలు చుట్టాను. ఎవరూ ఆగమనలేదు. ఆగుతానని నేనూ అడగలేదు. ఆయన నడిపిన సాంచె దగ్గర ఇంకొకాయన నిలబడి ఉంటే, ఆయనకే కండెలు అందించాను. ఆ రోజు ఏడ్చానో లేదో కూడా గుర్తులేదు. డాబా మీద నీ బొంతలో జాగను చూసినప్పుడు నాకు జాలి పుట్టలేదు. కుళ్లు పుట్టింది. దీనికి ఆగడానికి బెత్తెడన్నా దొరికింది, నాకు అదీ దొరకలేదు అనుకున్నాను. బిడ్డను పోగొట్టుకున్న మనిషిని చూసి కుళ్లుకున్నాను. ఇంతకన్నా తగ్గించి చెప్పడం నాకు రాదు.

రెండో ఏడాది చదివాను. అక్కడే నేర్పే పని ఇచ్చారు. ఇప్పటికీ చేస్తున్నాను. కొత్తగా వచ్చిన ప్రతి జట్టుకూ మొదటి రోజు నా కథ చెప్పిస్తారు. నేను చెబుతాను. మా ఆయన, ఆగిన చెయ్యి, బెత్తెడు జాగ. దాని తోక కూడా చెబుతాను. నా గదిలో ఉన్నామె నా డిజైన్ ఎత్తుకుంది, నేను తోబుట్టువు అనుకున్నామె, అయినా పోనీలే అని క్షమించాను, మీ కాగితాలు మీరు పెట్టెలో పెట్టుకోండమ్మా అని. ఎన్నిసార్లు చెప్పానో. చెప్పగా చెప్పగా నాకే కోపం వచ్చేది ఆమె మీద. నిజంగా వచ్చేది. నన్నంత మోసం చేసిందా అని కొత్తవాళ్ల ముందే కొంగు కళ్లకు అద్దుకునేదాన్ని. మనిషి తన అబద్ధాన్ని తనే నమ్ముతుందా అని మీరడిగితే, నమ్ముతుంది. నేను నమ్మాను.

పోయిన కార్తీకంలో ధర్మపురి పోయాను, గోదావరి స్నానానికి. మెట్లకు పోయే దారిలో దుప్పట్ల దుకాణం. మడతలు మడతలుగా పేర్చి ఉన్నాయి. నా కాలు ఆగిపోయింది. మూడు చిన్నవి, ఒకటి పొడుగు. నా అంచు. సాంచెల మీద నేసిన బట్ట, పలుచటి నూలు. ఎవరో చూసి దింపుకున్నారు. మాలాంటివాళ్లే. సేటు ముక్క ఇచ్చి ఉంటాడు, పోగులు లెక్కబెట్టి ఉంటారు. ఒక దుప్పటి లాగి విప్పాను. అంచు పొడుగునా వెతికాను. జాగ లేదు. నింపేశారు.

ఇది నా అంచు, ఎవరిని అడిగి నేసిన్రు అని దుకాణం ఆయన మీద పడ్డాను. నలుగురు పోగయ్యారు. ఆయన నింపాదిగా, "అంచు మీద నీ పేరేమన్నా రాసున్నదా అవ్వా?" అన్నాడు. మరి నడుమ జాగ ఏదయ్యా అన్నాను. "గా జాగనా? నమూనాల జరంత పోగులు తప్పినయట. మేస్త్రి సరిచేసిండు. ఇప్పుడు మంచిగ లేదా?" అన్నాడు. మంచిగనే ఉన్నదని పోగైనవాళ్లు కూడా అన్నారు.

దొంగలు, మోసగాళ్లు, నా కష్టం ఎత్తుకుపోయారు అని అరుస్తూనే మెట్ల దాకా నడిచాను. అరుస్తుంటే నా గొంతు నాకు వినిపించింది. ఈ మాటలు అనవలసిన మనిషి పదకొండేళ్ల కిందట ఒక్క మాట అనకుండా బొంత మడిచిపెట్టుకుంది. మెట్ల మీద కూర్చున్నాను. నేను మొదటిసారి గీసిన కాగితం గుర్తొచ్చింది. ఆ మేస్త్రి చేసిందే నేనూ చేశాను. నింపేశాను. తర్వాత ఖాళీ వదిలింది కూడా ఆ పిల్ల కోసం కాదు. మేడం వేలు పెడుతుందని.

స్నానం చేయకుండానే తిరిగొచ్చాను.

ఆ తర్వాత ఒకసారి జైనూర్ దాకా పోయాను. బస్టాండులో ఇందూబాయి పేరు చెప్పి అడిగితే, ఒకామె ఊరు చూపించింది, ఆటో పోతుందంది. ఆమె బాగుందా అని అడిగాను. బాగానే ఉంది, గోదడీలు కుడుతుంది, మీరేమైతరు అంది. ఏమవుతానని చెప్పను? ఆటోలు వచ్చాయి, పోయాయి. మధ్యాహ్నం బస్సుకే వెనక్కి వచ్చేశాను. పోయి కాళ్లు పట్టుకుంటే ఆమె ఏదో ఒకటి అంటుంది. క్షమించానంటుంది, లేదా పొమ్మంటుంది. రెంటిలో ఏదైనా నాకే మేలు. ఆమెకేం వస్తుంది? ఇట్లా అనుకుని వచ్చేశాను. ఇది నిజమో, పోలేక చెప్పుకున్న మాటో నాకు తెలియదు.

మేడం రాసిన ఆ రాత బడి గోడ మీద ఇంకా ఉంది. అద్దం బిగించి పెట్టారు. రోజూ దాని కింది నుంచే పోతాను. చదవలేను గనక ఇన్నాళ్లూ బతికాను అనిపిస్తుంది ఒక్కోసారి. ఈ కాగితాలు పూర్తయ్యాక మేడం చేతిలో పెడతాను. ఆమె ఏం చేస్తుందో ఆమె ఇష్టం. వెనక అర్ర ఇప్పుడు లేదు, పడగొట్టి సాంచెలు పెట్టారు.

కింద నీ పేరు రాయనా అని టీచరమ్మ ఇప్పుడే అడిగింది. వద్దన్నాను. ఇంత చెప్పీ పేరు దాచుకుంటున్నాను, పిరికిదాన్నే. కాని ఇంకో పేరు రాయమన్నాను. ఆ జాగ మా ఆయనది కాదు. ఆయన పేరు అందులో పెట్టి ఆయనకూ అన్యాయం చేశాను. ఆ జాగ సారికది. ఇందూబాయి బిడ్డ సారిక. అయిదేళ్లు.

రాశానంది. ఎక్కడుందో చూపించమన్నాను. టీచరమ్మ ఆ పేరు కింద వేలు పెట్టింది. మూడక్షరాలు. చెంబును చూసినట్టు చూశాను. ఇక అవి ఎక్కడ కనిపించినా గుర్తుపడతాను.